రామాబాయి విన్న సినిమా

నాకు అబద్ధమాడటం కొత్త కాదు. డేరా సినిమా నడిపేవాడు హరిశ్చంద్రుడిలా కూర్చుంటే మూడో రోజుకల్లా గుంజలు పీక్కుని పోవాల్సిందే. "ఈ రోజే ఆఖరి రోజు" అని బండి మీద తప్పెట కొట్టించి, అదే బొమ్మని ఇంకో వారం ఆడించినవాణ్ణి. ఇంజను చెడిపోతే "అయిదు నిమిషాలు ఓపిక పట్టండి" అని జనాన్ని గంటన్నర కూర్చోబెట్టినవాణ్ణి. వాటికి నాకు ఏనాడూ నిద్ర చెడలేదు. రామాబాయితో ఆడిన అబద్ధం ఒక్కటే ఇన్నేళ్ళుగా లోపల పురుగులా తొలిచేస్తోంది. చెప్పుకుంటే పోయేదేముంది, పరువు ఎప్పుడో పోయింది.

నా పేరు చెన్నకేశవరావు. మాది రేపల్లె దగ్గర. తుంగభద్ర కాలవ నీళ్ళొచ్చాయి, రాయచూరు జిల్లాలో నల్లరేగడి కారుచౌకగా దొరుకుతోందని అందరూ ఎగబడుతుంటే, మేమూ ఊళ్ళో ఉన్న పొలం చెక్క అమ్ముకుని సిరవార పక్కన క్యాంపులో భూమి కొన్నాం. క్యాంపంటే మరేం లేదు, కోస్తా నుంచి వచ్చిన మాబోటివాళ్ళం పొలాల మధ్య వేసుకున్న ఇళ్ళ వరస. వ్యవసాయం నాకు అబ్బలేదు. జలగలంటే భయం. సేద్యం మా తమ్ముడికి వదిలేసి, అరవై నాలుగులో సిరవార సంతమైదానంలో డేరా వేశాను. కోతలు అయ్యాక వేస్తే తొలకరి దాకా ఆడేది. ముందు నేల, వెనక బెంచీలు. నేల మీద ఊరివాళ్ళు, బెంచీల మీద మా క్యాంపువాళ్ళు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, వాళ్ళే అలా కూర్చున్నారు. బొమ్మ వేసే మిషను ఉన్నది ఒకటే, దాన్ని నడిపేది సుంకప్ప. సిరవారవాడే, మంచి పనివాడు.

అరవై ఆరు మాఘమాసంలో ఒక సాయంత్రం, టికెట్లు ఇవ్వడం మొదలెట్టక ముందే, ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గరకొచ్చారు. ఒకావిడ సంతలో ఆకుకూరలమ్మే రంగవ్వ. ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డ రెండో ఆవిడకి అరవై ఉంటాయేమో. సన్నటి మనిషి, ఉతికిన తెల్లచీర. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు.

"టాకీసు సాబ్ మీరేనా?" అంది ఆవిడ. "నాకు బొమ్మ కనపడదు. ఉత్తగ వింట. గట్ల వినేటోళ్ళను గూడ లోపలికి ఇడుస్తరా?"

ఇలాంటి బేరం నాకు ఎప్పుడూ తగల్లేదు. "సినిమా వినడమేంటమ్మా?" అన్నాను.

"నా బిడ్డ ఉన్నదంట ఈ బొమ్మల. జయ. ఇప్పుడు పేరు మార్చిండ్రంట, కుసుమకుమారంట. దాని ఆవాజ్ వింట సాబ్. గంతే. విని పోత."

కుసుమకుమారి పెద్ద హీరోయినేం కాదు. హీరోయిన్ స్నేహితురాలో, హీరో చెల్లెలో వేసేది. పోస్టరు మీద పేరు మూడో వరసలో ఉంటుంది. కానీ ముఖం మాత్రం అందరికీ తెలుసు. చారెడేసి కళ్ళు. మా క్యాంపులో అయితే ఆ పిల్లది కాకినాడ అని ఒకడు, కాదు ఏలూరు అని ఒకడు పందేలు కాసేవారు. రాయచూరు అని ఎవడి ఊహకీ అందలేదు.

లోపల కూర్చోబెట్టాక ఆవిడే చెప్పుకొచ్చింది. మొగుడు నైజాం కాలంలో రాయచూరు కోర్టులో జప్తులు చేసే అమీను. పోలీసు యాక్షన్ తర్వాత నౌకరీ పోయి, ఆ దిగులుతోనే మనిషీ పోయాడు. యాభై రెండులో మద్రాసు నుంచి ఏదో కంపెనీ కోట దగ్గర గుర్రాల సీను తీయడానికొచ్చింది. చూడ్డానికి వెళ్ళిన పదహారేళ్ళ జయని వాళ్ళు చూశారు. "మీ పిల్లకి మంచి రోజులొస్తాయి" అన్నారు. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు. తల్లే రైలెక్కించింది. తర్వాత నీరుకాసులొచ్చి ఈవిడ చూపు పోయింది. సిరవారలో దర్జీ పని చేసుకునే తమ్ముడు జంబన్న ఇంట్లో చేరింది. అంతకుముందు నెలకో ఉత్తరం వచ్చేదట. ఈ ఊరొచ్చాక ఒక్కటీ లేదు.

"ఆరేండ్లాయె సాబ్. మా తమ్ముడు సచ్చిపోయిందంటడు. బతికుంటే ఉత్తరం రాయదా అంటడు. లోకమంత బిడ్డను అమ్ముకున్నవ్ అంటది. అనని. అది యాడనో బతికి ఉంటే నాకు సాలు. ఫోటువల ముఖం నేను చూడలేను. ఉత్తరం ఎవలన్న రాయొచ్చు. ఆవాజ్ ఒక్కటి మాత్రం ఎవలు దొంగిలించలేరు గద?"

ఆవిడని తెర పక్క మాటలొచ్చే హారను దగ్గరే, నేల మీద చాప వేసి కూర్చోబెట్టాను. టికెట్టు తీసుకోలేదు. నేనూ మనిషినే. రంగవ్వ ఆవిణ్ణి దింపేసి, వంట చేసుకొస్తానని ఇంటికెళ్ళింది.

రెండో రీలులో కుసుమకుమారి వచ్చింది. ఎంత మాట్లాడింది, ఎంత మాట్లాడింది! హీరోయిన్ని ఏడిపించింది, అత్తగారికి ఎదురు చెప్పింది, చివర కోర్టులో సాక్ష్యం కూడా చెప్పింది. కృష్ణాజిల్లా తెలుగు, పనసతొనల్లాంటి మాటలు. రామాబాయి మాత్రం కుడిచెవి హారను వైపు పెట్టి, కదలకుండా, ఇంకా ఎవరి కోసమో కనిపెట్టుకున్నట్టే కూర్చుంది.

ఆట విడిచాక తడుముకుంటూ నా దగ్గరకొచ్చింది. "యాడ సాబ్? మా జయ రానే లే గద?"

అప్పటికే నాకు సంగతి తెలుసు. బళ్ళారిలో బొమ్మలిచ్చే ఆయన ఒకసారి అన్నాడు, ఆ కుసుమకుమారికి ముఖముంది గాని నోరు లేదయ్యా, మాటలన్నీ గుడివాడ వైపు ఆవిడెవరో చెబుతుంది, ఈ పిల్ల పెదాలు ఆడిస్తుంది, అంతే అని. సినిమావాళ్ళకి అది మామూలు పని. ఆ ముక్క ఈ ముసలావిడతో ఎలా చెప్పను? "మీ అమ్మాయి రెండున్నర గంటలు మాట్లాడింది, కానీ అది మీ అమ్మాయి గొంతు కాదు" అనాలా? అవతల రెండో ఆటకి జనం తోసుకొస్తున్నారు. నోటికొచ్చింది అనేశాను.

"రీలు తెగిందమ్మా. సరిగ్గా మీ అమ్మాయి మాట్లాడే ముక్కే పోయింది."

"అయ్యో, గట్లనా" అంది. నమ్మేసింది. పైగా నన్నే ఓదార్చింది. "నువ్వేం జేస్తవ్, పరేషాన్ గాకు సాబ్. ఇంకోటి వొచ్చినప్పుడు జర కబురు జెయ్యుండ్రి."

రెండు నెలల తర్వాత ఇంకోటి వచ్చింది. మళ్ళీ అదే చాప, అదే చెవి, మళ్ళీ అదే అబద్ధం. "మన ఊరికొచ్చేసరికి ప్రింటు అరిగిపోతుందమ్మా, ముక్కలు ముక్కలు కోసేస్తారు" అన్నాను. మా ఆవిడ రాజ్యలక్ష్మి చీవాట్లు పెట్టింది. "ఆ తల్లి ఉసురు పోసుకుంటున్నారు, ఉన్న మాట చెప్పి చావండి" అంది. చెబుదాంలే అనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

మూడోసారి రంగవ్వ కూడా పక్కన కూర్చుంది. కుసుమకుమారి తెర మీదకి రాగానే, "అదో అవ్వా మీ జయ! ఎర్రచీర కట్టింది! మాట్లాడుతున్నది చూడు!" అని కేక పెట్టింది.

ఇక్కడివాళ్ళు తల్లిని అవ్వ అంటారు, పెద్దవాళ్ళనీ అలాగే పిలుస్తారు. మాకు అవ్వంటే అమ్మమ్మో నాయనమ్మో.

రామాబాయి కాసేపు విన్నది. "ఎవలు? ఇప్పుడు మాట్లాడేదా?" అని అడిగింది. రంగవ్వ ఔనంది. ఇంకాసేపు విన్నది.

"ఇది క్యాంపోళ్ళ పిల్ల" అంది. "నా బిడ్డ గాదు. పోదాం నడువు."

మర్నాడు పొద్దున్నే నేను జంబన్న ఇంటికెళ్ళాను. ఆవిడ అరుగు మీద తడి జుట్టుతో, తడి చీరతో కూర్చుని ఉంది. చావు కబురు విన్నవాళ్ళు పోసుకున్నట్టు తలారా చన్నీళ్ళు పోసుకుంది. లోపల కుట్టుమిషను ఆడుతూనే ఉంది.

"అమ్మా, నా మాట వినండి" అని మొదలెట్టాను. జయ బతికే ఉందనీ, తెర మీదున్నది ఆ అమ్మాయేననీ, గొంతు మాత్రం ఇంకొకరిదనీ, సినిమాల్లో అలా చేస్తారనీ, అంతా చెప్పాను. చివరిదాకా విన్నది.

"మొన్న రీలు తెగిందంటివి" అంది. "అటెన్క ప్రింటు అరిగిందంటివి. ఇయాల ఆవాజ్ అరువు దెచ్చుకున్నరంటున్నవ్. ఏది నమ్మాలె నిన్ను? మొకం, పెయ్యి ఒకతిది, ఆవాజ్ ఇంకొకతిదా? నా బిడ్డ పేరు ఇంకెవతికో పెట్టుకున్నరు. అది సచ్చిపోయింది. నేనే పంపిన. నేనే సంపుకున్న."

ఆ రోజు నుంచి ఆవిడ ఒంటిపూట తిండికి దిగింది. అదీ ఎవరైనా బతిమాలితే. నెల తిరిగేసరికి సగమైపోయిందని రంగవ్వ వచ్చి నా ముఖం మీదే తిట్టింది. "ఒక్క మాట నిజం చెప్పనీకి నీకేం రోగం సాబ్?" అంది. తిట్టాల్సిందే.

బళ్ళారాయన్ని పట్టుకుని మద్రాసు చిరునామా సంపాదించి, కుసుమకుమారికి జరిగిందంతా రాశాను. "మీరొకసారి రండి, మా ఇంట్లో దిగండి, మీ అమ్మగారితో ఒక్క మాట మాట్లాడండి" అని రాశాను. నెల్లాళ్ళకి జవాబొచ్చింది. ఎనిమిది కాగితాలు, గుండ్రటి అక్షరాలు.

ఆవిడ రాసినదాంట్లో కొంత చెబుతాను. మొదటి సినిమాలో మొదటి మాట పలకగానే సెట్టు మొత్తం నవ్విందట. డైరెక్టరు భోజనాల గంట కొట్టించి, "పిల్ల ముఖం ఉంచండి, నోరు మార్చండి" అన్నాడట. అప్పటినుంచి పదమూడేళ్ళలో ఇరవై ఆరు సినిమాలు చేసింది. ఒక్కదాంట్లో కూడా ఆమె గొంతు లేదు. "గొంతు ఇచ్చిన అక్క పేరూ తెర మీద పడదు, నా గొంతూ పడదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అని రాసింది. ఒక పంతుల్ని పెట్టుకుని మూడేళ్ళు పలకా బలపం పట్టి మా కోస్తా మాట నేర్చుకుంది. పొరపాట్న పాత మాట దొర్లిందంటే ఆ పూట కాఫీ మానేసేదట. చివరికి ఎవరూ పట్టుకోలేనంత బాగా వచ్చేసరికి, "ఇప్పుడు లాభం లేదమ్మా, జనం ఆ గొంతునే కుసుమకుమారి గొంతనుకుంటున్నారు, నీ గొంతు పెడితే గోల చేస్తారు" అన్నారట. ఒక నిర్మాత కొన్నాళ్ళు ఒక ఇంట్లో ఉంచుకున్నాడు. ఆయన పోగానే ఆయన కొడుకులు సామాను వీధిలో పెట్టారు. ముప్ఫై దగ్గరపడేసరికి వేషాలు తగ్గాయి.

ఊరికి ఎందుకు రాలేదో కూడా రాసింది. ఆమె ప్రతి నెలా ఉత్తరం రాస్తూనే ఉంది. అవన్నీ దాచేసిన జంబన్న మావ ఒకే ఒక్కసారి జవాబిచ్చాడట. "నాకు పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నారు. నువ్వు ఈ గడప తొక్కినా, నీ మాట ఈ ఇంట్ల వినపడినా, మీ అవ్వను బజార్ల నిలబెడత" అని. "మీ ఊళ్ళో దిగితే గంటలో ఆయనకి తెలుస్తుంది. కళ్ళులేని మనిషి ఎక్కడికి పోతుంది? ఇక్కడికి తెచ్చుకుందామంటే నేనుండేది ఒకరి మేడ మీద రేకుల గది" అని రాసింది.

ఆఖరి కాగితంలో మాత్రం ఇలా ఉంది. "ఇప్పుడొక వేషం వచ్చింది. పనిమనిషి వేషం. దానికి మన రాయచూరు వైపు మాటే కావాలట, ఎవరికీ రావడం లేదట. నీ గొంతే ఉంచుతామన్నారు. పనిమనిషిగా దిగితే మళ్ళీ పైకి లేవలేనని మొదట నేను ఒప్పుకోలేదు. మీ ఉత్తరం చూశాక ఒప్పుకున్నాను. అవ్వతో ఈ ఒక్క మాట చెప్పండి. ఈసారి వినపడేది నేనే."

ఆ ఉత్తరం తీసుకెళ్ళి రామాబాయికి చదివాను. జంబన్న సంగతి మాత్రం చదవలేదు. ఉండటానికి ఆవిడకి ఉన్నది ఆ పంచ ఒక్కటే, దానికి నిప్పు పెట్టమంటారా? ఉత్తరాలు టపాలో పోయాయని మళ్ళీ ఒక అబద్ధం కలిపాను. ఆవిడ నమ్మిందని చెప్పను. కానీ "ఎప్పుడొస్తది ఆ బొమ్మ?" అని అడిగింది. ఆ వేళ రంగవ్వ పెట్టిన జొన్నరొట్టె తిన్నది. ఆ తర్వాత ఏ సంతరోజు కనపడినా అదే ప్రశ్న. "వొచ్చిందా సాబ్?" ఏడాది పాటు అడిగింది.

బొమ్మ అరవై ఎనిమిది చైత్రంలో మా వైపుకొచ్చింది. పక్కూరు కవితాళలో డేరావాడి కంటే ముందు నేనే తెచ్చాను. ఇక్కడే నేను ఇంకో తప్పు చేశాను. బొమ్మని ముందుగా నేను చూడలేదు. పెట్టెలు సాయంత్రం బస్సుకి దిగాయి, అటునుంచటే మిషనెక్కాయి. పనిమనిషి వేషమంటే ఇంట్లో నమ్మకంగా ఉండే మనిషి, యజమానురాలి కష్టంలో నాలుగు కన్నీళ్ళు కార్చే మనిషి అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నవాణ్ణి, అందులో రాయచూరు మాట ఎవరి నోట పెడతారో ఎందుకు పెడతారో నాకు తెలియదా? తెలుసు. బెంచీల మీద కూర్చుని నేనూ పడీ పడీ నవ్వినవాణ్ణే. అయినా బుర్రకి తట్టలేదు.

రామాబాయి తలంటుకుని, కొత్తచీర కట్టుకుని వచ్చింది. జంబన్న వద్దన్నాడట, పోతే మళ్ళీ ఇంట్లోకి రానివ్వనన్నాడట. "నన్ను బజార్లకు ఎల్లగొడ్తవా? ఎల్లగొట్టుకో పో" అందట. నేల మీద వద్దని కుర్చీ వేయించి హారను పక్కన కూర్చోబెట్టాను. పక్కనే నేను నిలబడ్డాను. క్యాంపులన్నీ ఖాళీ చేసి వచ్చారు. ఎక్కడో ఈ బొమ్మలో హాస్యం బ్రహ్మాండమని చెప్పుకున్నారట.

మూడో రీలులో పనిమనిషి చీపురు పట్టుకుని వచ్చింది. పైకి దోపిన చీర, ఇంతలావు బొట్టు, ముక్కు మీద మసి. ఆ చారెడు కళ్ళని గుర్తుపట్టడానికి నాకే క్షణం పట్టింది.

"ఏందమ్మా, గట్ల జూస్తవ్? నేనేం జేసిన?" అంది.

డేరా గొల్లున నవ్వింది.

రామాబాయి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "ఇదే" అంది. "ఇదే సాబ్. మా జయ. అమ్మా! నా తల్లీ! బతికే ఉన్నవా బిడ్డా!" ఆ గుడ్డికళ్ళ నుంచి నీళ్ళు ధారలు కట్టాయి. నవ్వుతోంది, ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. రెండేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను.

అంతలో అక్కడ ఆ పనిమనిషి, "ఆకలైతుందమ్మా, పొద్దుగాల నుంచి ఏం తినలే" అంది. బెంచీలు మళ్ళీ విరగబడి నవ్వాయి. ఎవడో వెనక నుంచి ఆ మాటని ముక్కుతో సాగదీసి పలికాడు. దానికి ఇంకా నవ్వారు.

రామాబాయి తల తిప్పింది. "ఎందుకు నవ్వుతుండ్రు సాబ్?"

"హాస్యమమ్మా" అన్నాను.

"ఏం హాస్యం? ఆకలైతుందన్నది. గంతే గద? గట్లనే గద అంటం మేము?"

ఆ తర్వాత జయ ఏ మాటన్నా నవ్వే. నీళ్ళు తెస్తానన్నా నవ్వే, భయమైతుందన్నా నవ్వే. ప్రతి నవ్వుకీ నా మణికట్టు మీద ఆ చెయ్యి కొంచెం కొంచెం వదులయింది. నేల మీద కూర్చున్న ఊరివాళ్ళు కూడా నవ్వుతున్నారు. ముందు బెంచీలు నవ్వాయి, వీళ్ళు వెనక్కి చూసి నవ్వారు.

అయిదో రీలులో పనిమనిషి వంటింట్లో లడ్డు దొంగతనంగా నోట్లో కుక్కుకుంటుంది. యజమానురాలు వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చి చెంప మీద కొడుతుంది. కొట్టినప్పుడల్లా తబలా మోగుతుంది. పనిమనిషి కుయ్యోమని, "ఓ అవ్వా! సంపుతున్నదే! ఓ అవ్వా!" అని అరుస్తుంది.

రామాబాయి కుర్చీలోంచి లేచింది.

"ఈడనే ఉన్న బిడ్డా!" అని అరిచింది. "ఈడనే ఉన్న! కొట్టకుండ్రి దాన్ని! బిడ్డా, ఈడనే ఉన్న!"

సినిమా సంగతి ఆవిడకి తెలియక కాదు. పదహారేళ్ళ తర్వాత కన్నబిడ్డ అవ్వా అని పిలిచింది. ఏ తల్లి పలక్కుండా ఉంటుంది? కానీ డేరాకి అదేం తెలుసు? తెర మీద ఒకతి అరవడం, తెర ముందు ఇంకొకతి లేచి పలకడం! అంత నవ్వు నా డేరాలో మునుపెన్నడూ లేదు. కడుపులు పట్టుకున్నారు, ఈలలు వేశారు. "వన్స్‌మోర్!" అన్నాడు ఒకడు. "వన్స్‌మోర్! ఒరేయ్ సుంకప్పా, మళ్ళీ వెయ్యరా!" అని బెంచీలన్నీ బాదడం మొదలెట్టారు.

మా డేరాల్లో అదొక ఆనవాయితీ. పాటకో ఫైటుకో వన్స్‌మోర్ అన్నారంటే మిషను ఆపి, రీలు వెనక్కి తిప్పి, ఆ సీను మళ్ళీ వేయాల్సిందే. వేయనంటే ఊరుకోరు. క్రితం ఏడు ఒక పాట మళ్ళీ వేయలేదని డేరా తాళ్ళు కోసేశారు. సుంకప్ప మిషను ఆపి, గది కిటికీలోంచి తల బయటపెట్టి నా వంక చూశాడు. వాడికీ రామాబాయి తెలుసు. ఒద్దనమని చూస్తున్నాడు. వాడి ముఖం ఇప్పటికీ నాకు కనపడుతుంది.

నేను చెయ్యెత్తి వెయ్యమన్నాను.

ఎందుకు ఎత్తానంటే ఏం చెప్పను? అలవాటు. తాళ్ళు కోస్తారన్న భయం. నా ముఖాన ఉమ్మెయ్యండి, పడతాను. సుంకప్ప రీలు తిప్పాడు. మళ్ళీ లడ్డు, మళ్ళీ జుట్టు, మళ్ళీ తబలా. "ఓ అవ్వా! సంపుతున్నదే! ఓ అవ్వా!"

జనం ఈసారి తెర వంక చూడలేదు, రామాబాయి వంక చూశారు, ఎప్పుడు పలుకుతుందా అని. ఆవిడ నిలబడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. పలకలేదు. రంగవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

గేటు దాటుతుంటే వెనకాలే పరిగెత్తాను. ఆవిడ ఆగింది.

"ఉత్తరం రాయుండ్రి సాబ్" అంది. గొంతులో ఏడుపు లేదు. "నీ ఆవాజ్ విన్న, నువ్వు బతికి ఉన్నవ్, నాకు గది సాలు అని రాయుండ్రి. ఇంగ మాట్లాడొద్దని రాయుండ్రి. ముందటి లెక్క నోరు మూసుకొని వేరేటోళ్ళ ఆవాజే పెట్టుకొమ్మని రాయుండ్రి. గదే మంచిగుండె."

రాస్తానన్నాను. రాయలేదు. రోజూ కాగితం తీయడం, "చిరంజీవి సౌభాగ్యవతి" దగ్గరే ఆగిపోవడం. నా ఉత్తరం నమ్మి ఆ వేషం ఒప్పుకున్న మనిషికి ఏమని రాయను?

పదకొండో రోజున మద్రాసు నుంచే ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని జంబన్న ఇంటికెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. రామాబాయి అరుగు మీద గోడకి చేరగిలబడి ఉంది. జంబన్న లోపల మిషను తొక్కుతున్నాడు, నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

చదివాను. పనిమనిషి వేషం ఊహించనంతగా పేలిందట. మద్రాసులో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా దారిలో ఆపి ఆ మాటలు చెప్పమంటున్నారట. మళ్ళీ నాలుగు సినిమాలు వచ్చాయి. అన్నిట్లోనూ అలాంటి వేషమే, అన్నిట్లోనూ తన గొంతే. రెండు గదుల ఇల్లొకటి చూసిపెట్టుకుంది. ఈ నాలుగూ అయ్యేసరికి అవ్వని తెచ్చుకోవచ్చు. "అవ్వ విన్నదా? నా గొంతు గుర్తుపట్టిందా? విని ఏమన్నది? ఆ ఒక్క మాట రాయండి. మీ జవాబొచ్చాకే సంతకం పెడతాను."

చదవడం అయిపోయింది.

"నాలుగింటిల గదే వేషమా?" అంది రామాబాయి.

"అదేనటమ్మా."

"కొడతరా దాన్ని?"

అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "కొట్టొచ్చమ్మా" అన్నాను. "అలాంటి వేషాలకి మామూలే."

"సంతకం పెట్టకుంటే?"

"ఇక వేషాలు రావమ్మా. వయసు అయిపోతోంది కదా."

ఆవిడ అరుగు మీది దుమ్ముని అరచేత్తో తుడుస్తూ కూర్చుంది. ఒకే చోట, అటూ ఇటూ, శుభ్రంగా ఉన్న బండనే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"కాగితం ఉన్నదా సాబ్? రాయుండ్రి." నేను కలం తీశాను. "బిడ్డా జయా. నేను మంచిగున్న. మామ మంచిగ జూస్తుండు. నీ బొమ్మ విన్న. నీ ఆవాజ్ విననే విన్న, గుర్తువట్టిన. డేరా నిండిపోయింది. అందరు మస్తు నవ్విండ్రు." ఇక్కడ ఆగింది. "అవ్వ గూడ నవ్విందని రాయుండ్రి. శాన నవ్విందని రాయుండ్రి. సంతకం పెట్టుమని రాయుండ్రి."

చెప్పినది చెప్పినట్టు రాశాను. ఆవిడ వేలిముద్ర వేయించుకుని, ఆ మధ్యాహ్నమే టపాలో వేశాను.